సిఫారసుల చిట్టా

దళారి అనే మాటకు మన భాషలో అంత మర్యాద లేదు. పెళ్ళి కుదిర్చినవాణ్ణి పెళ్ళిళ్ళ పేరయ్య అని నవ్వుతాం. ఇల్లు చూపించినవాణ్ణి బ్రోకరని ముఖం చిట్లిస్తాం. పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం కుదిర్చేవాడి మీద అటు అమ్మేవాడికీ, ఇటు కొనేవాడికీ కూడా అనుమానమే. గుంటూరు మిరపకాయల యార్డులో కమీషను వ్యాపారి లేకపోతే టిక్కీ కదలడం కష్టం. అయినా రైతు ఇంటికి వెళ్ళి చెప్పే కథలో దుర్మార్గుడి వేషం ఎప్పుడూ అతనిదే. ఇంతకీ ఆ మనిషి చేసిన నేరం ఏమిటి? ఒకరి వస్తువును గురించి ఇంకొకరికి మంచిమాట చెప్పి, ఆ మాటకు డబ్బు పుచ్చుకోవడం. మాట నిజమే కావచ్చు. కాని డబ్బు తెచ్చే మాట నిజమేనా అన్న శంక మనిషికి పుట్టుకతో వచ్చింది. ఒక పట్టాన పోదు.

ఆ దళారీ పని మా ఇంట్లోనూ ఆరేళ్ళ నుంచి సాగుతున్నది. చేసేది మా ఆవిడ అని నేను అంటాను. "నేను వంట చెబుతున్నాను, దళారీ మీరు," అని ఆవిడ అంటుంది.

సంగతి ఏమిటంటే, ఆవిడకు ఒక వంటల వెబ్‌సైటు ఉన్నది. మా అమ్మాయీ అల్లుడూ కలిసి పెట్టించి ఇచ్చారు. గోంగూర పచ్చడి మొదలు పనసపొట్టు కూర దాకా, ఉలవచారు మొదలు అరిసెల దాకా, 240కి పైగా వంటకాలు అందులో రాసింది. రాసినకొద్దీ చదివేవాళ్ళు పెరిగారు. చదివేవాళ్ళు పెరిగినకొద్దీ ప్రశ్నలు పెరిగాయి. ఆ ప్రశ్నలు వంటను గురించి కాదు, గిన్నెలను గురించి! "అమ్మా, ఆ దోసె పెనం ఎక్కడ కొన్నారు?" "పిన్నిగారూ, ఆ జాడీ ఎన్ని కిలోలు పడుతుంది?" అని. విడివిడిగా జవాబులు రాసి రాసి వేళ్ళు నొప్పెట్టి, చివరికి ప్రతి వంటకం కిందా ఆ వస్తువు దొరికే దుకాణానికి దారి పెట్టింది. ఆ దారినే లింకు అంటారు. ఆ లింకు నొక్కి వెళ్ళినవారు ఏమైనా కొంటే, దుకాణంవారు తమ లాభంలోంచి మనకు కొంత కమీషను ఇస్తారు. కొనేవారికి ధరలో మార్పేమీ ఉండదు. ఇల్లాంటివాటిని అఫిలియేట్ లింకులు అంటారు. మా ఇంట్లో మటుకు వాటి పేరు కమీషను లింకులు.

"దారి చూపినందుకు డబ్బులేమిటండీ?" అన్నది మా ఆవిడ మొదట్లో.

"దారి చూపినందుకు కాదోయ్, నిన్ను నమ్మి ఆ దారిన వెళ్ళినందుకు," అన్నాను నేను.

ఏదో చమత్కారానికి అన్న మాట అది. కాని తరవాత తరవాత ఆ ముక్కే మా ఇద్దరి మధ్యా పెద్ద వ్యవహారమై కూర్చున్నది.

మూడో నెలలో ఆవిడ బ్యాంకు ఖాతాలో 1,140 రూపాయలు పడ్డాయి. నలభై ఏళ్ళ కాపరంలో, ఇది నా సంపాదన అని ఆవిడ చేతికి వచ్చిన మొదటి డబ్బు అది. పైకి ఏమీ అనలేదు గాని, ఆ వేళ పాస్‌బుక్కు రెండుసార్లు తీసి చూసుకోవడం నా కంట పడింది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చిట్టా ఆవర్జాలతో కుస్తీ పట్టినవాణ్ణి కాబట్టి, ఈ లింకుల లెక్కా డొక్కా చూసే పని నాకు అప్పజెప్పారు.

ఈ పద్ధతి అంత కొత్తదేమీ కాదు. అమెరికాలో సీడీలు అమ్మే సీడీనౌ అనే కంపెనీ 1994లోనే ఇల్లాంటిది ఒకటి నడిపింది. ఆనాటికి పుస్తకాల దుకాణంగా ఉన్న అమెజాన్ 1996 జులైలో తన పథకాన్ని తెచ్చింది. ఎవరైనా తమ సైటులో ఒక పుస్తకాన్ని గురించి రాసి, కిందనే లింకు పెడితే, పుస్తకం అమ్ముడుపోయినప్పుడు వారికి కొంత వాటా. అదే దుకాణం 2013 జూన్‌లో మన దేశంలో తలుపులు తెరిచింది. ఇప్పుడు చీరల దుకాణాలూ, మందుల దుకాణాలూ, ఇత్తడి సామాన్ల వాళ్ళూ, చాలామంది ఈ పద్ధతి పెట్టుకున్నారు.

మరి ఫలానా మనిషి మన దారినే వచ్చాడని దుకాణానికి ఎల్లా తెలుస్తుంది? దానికి రెండు సాధనాలున్నాయి. మొదటిది లింకు చివర తగిలించే మన గుర్తు. బస్తాల మీద వ్యాపారులు మార్కా వేయించుకుంటారు చూడండి, అల్లాంటిదే. అమెజాన్ వారి ఇండియా శాఖలో అయితే ఈ గుర్తుల చివర -21 అని ఉంటుంది. రెండోది కుకీ. కుకీ అంటే తినేది కాదు. వచ్చిన మనిషి కంప్యూటరులోనో ఫోనులోనో దుకాణంవారు దాచిపెట్టే చిన్న చీటీ. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటూలీ అనే ఇంజనీరు కనిపెట్టిన ఉపాయం అది. ఈ చీటీకి గడువు ఉంటుంది. కొన్ని దుకాణాల్లో ముప్ఫై రోజులు; అమెజాన్ వారి దగ్గర సాధారణంగా 24 గంటలే. మన లింకు నొక్కి, వస్తువు చూసి, "ఆయన్ని అడిగి ఎల్లుండి కొంటాను," అనుకున్న ఇల్లాలు ఎల్లుండి తిన్నగా వెళ్ళి కొంటే, మన ఖాతాలో పడేది సున్న. పైగా మన తరవాత ఇంకొకరి లింకు నొక్కితే మన చీటీ చెల్లదు. చివరగా చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించినవాడిదే కమీషను. చాలా చోట్ల ఇదే ఆచారం.

ఆశ ఉన్నచోట మోసం ఉండకపోదు. అసలు లింకు నొక్కకుండానే జనం కంప్యూటర్లలోకి ఈ చీటీలు జారవిడిచి, ఈబే అనే దుకాణం నుంచి లక్షల డాలర్ల కమీషను లాగిన ఇద్దరు ఘనుల కథ అమెరికా కోర్టుల దాకా వెళ్ళింది. 2014లో ఒకరికి ఐదు నెలలూ, ఇంకొకరికి పదిహేను నెలలూ శిక్ష పడింది. సంతకు వెళ్ళే ప్రతి మనిషి సంచీ మీదా వాడికి తెలియకుండా మన మార్కా కొట్టి, "వీళ్ళందరినీ పంపింది నేనే," అని వాటా అడగడం లాంటిది ఆ పని.

దుకాణంవారు పంపే లెక్కల్లో ఎవరు కొన్నారన్నది ఉండదు. ఏం కొన్నారు, ఎన్ని కొన్నారు, ఎన్ని వెనక్కు పంపారు, ఇంతే. అది చదవడం కథల పుస్తకం చదవడంలాగే ఉంటుంది. ఆవకాయ జాడీ లింకు నొక్కి వెళ్ళిన మహానుభావుడెవరో జుట్టుకు వేసే రంగు కొన్నాడు. ఇడ్లీపాత్ర చూడబోయిన ఒకావిడ షటిల్ కాక్‌లు డజను కొన్నది. వీటికి కూడా మనకు కమీషను వస్తుంది. మన గుమ్మంలోంచి వెళ్ళారు కాబట్టి.

"జుట్టురంగును గురించి మనమేం చెప్పాం? ఆ డబ్బు మనకెందుకు?" అన్నది మా ఆవిడ.

"ఒప్పందంలో ఉన్నది," అన్నాను.

"అయితే ఆ లెక్క వేరే రాయండి. నేను చెప్పి కొన్నవి వేరు, నేను చెప్పకుండా కొన్నవి వేరు."

గుమాస్తాకు యజమాని మాట వేదవాక్కు. అల్లాగే రెండు పద్దులు పెట్టాను. ఆ విభజన ఎంత మేలు చేసిందో తరవాత చెబుతాను.

కొత్తలో మాకు ఒకే గుర్తు ఉండేది. నెల తిరిగేసరికి ఇంత వచ్చిందని తెలిసేది గాని, ఏ పుట మూలాన వచ్చిందో తెలిసేది కాదు. అల్లుడు విడి గుర్తులు పుట్టించుకోవచ్చని చెప్పాడు. టిఫిన్లకు ఒకటి, పచ్చళ్ళకు ఒకటి, పిండివంటలకు ఒకటి, పండుగలకు ఒకటి పెట్టాం. అప్పటినుంచీ లెక్కకు కళ్ళు వచ్చాయి. ఏప్రిల్, మే నెలల్లో పచ్చళ్ళ పద్దు పొంగుతుంది. సంక్రాంతికి ముందు పిండివంటల పద్దు లేస్తుంది. శ్రావణమాసంలో ఇత్తడి కుందులు. టిఫిన్ల పద్దుకు మటుకు ఋతువుతో నిమిత్తం లేదు. ఆంధ్రదేశంలో ఇడ్లీ, దోసెలకు సెలవు లేదు గదా.

అసలు తంటా లింకులు పెట్టడంలో లేదు. పెట్టినవాటిని కాపాడుకోవడంలో ఉన్నది. ఒక పెనం లింకు దోసెల పుటలో ఉంటుంది, పెసరట్టు పుటలో ఉంటుంది, చపాతీల పుటలో ఉంటుంది, ఎప్పుడో రాసిన ఉల్లిపాయ ఊతప్పం పుటలోనూ ఉంటుంది. ఆ పెనం చేసేవాళ్ళు చెయ్యడం మానేస్తే ఎక్కడెక్కడ తియ్యాలి? మొదటిసారి అన్నీ వెతికి కాగితం మీద ఎక్కించేసరికి మొత్తం 611 లింకులు తేలాయి. మూడు వారాలు పట్టింది.

"మామయ్యగారూ, మీరెందుకు శ్రమపడతారు? చచ్చిన లింకులు పట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి," అని అల్లుడు ఒకటి నడిపించాడు. అయిదు నిమిషాల్లో అది 23 లింకులు చచ్చాయని తేల్చింది. సంతోషమే. కాని గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? మిగిలిన 588 ఒక్కొక్కటే తెరిచి నా కళ్ళతో చూశాను. అప్పుడు బయటపడ్డాయి అసలు రోగాలు.

పుట చిరునామా దొరకకపోతే కంప్యూటరు భాషలో 404 అని జవాబు వస్తుంది. దొరికితే 200 అని వస్తుంది. యంత్రం ఆ అంకె మటుకే చూస్తుంది. పుట నిక్షేపంలా తెరుచుకుని, లోపల "ఈ వస్తువు ప్రస్తుతం దొరకదు" అని రాసి ఉన్నా, యంత్రం దృష్టిలో ఆ లింకు ఆరోగ్యంగానే ఉన్నట్టు. తాళం వేసిన ఇంటి ముందు నిలబడి, "ఇల్లు ఉన్నదండీ," అన్నట్టు! అల్లాంటివి 70 పైగా ఉన్నాయి. కొన్నిటిలో వస్తువు ఉన్నది, దుకాణం ఉన్నది, మన గుర్తు మటుకు మాయమైంది. ఎవరో ఫోనులోంచి లింకు ఎత్తి అతికించేటప్పుడు తోక తెగిపోయింది. ఒక చిన్న స్టీలు సామాన్ల దుకాణంవారు కమీషను పథకమే ఎత్తేశారు. లింకులు పనిచేస్తూనే ఉన్నాయి, జనం కొంటూనే ఉన్నారు, మనకు మటుకు పైసా రాదు. ఆ లింకులు తీసేద్దామా అని అడిగాను. "వాళ్ళ గిన్నెలు మంచివి. ఉండనివ్వండి," అన్నది ఆవిడ. ఉంచాం.

అన్నిటికంటే చెడ్డ రోగం ఇంకొకటి ఉన్నది. పుట అదే, చిరునామా అదే, కింద జనం రాసిన మెచ్చుకోళ్ళు అవే. అమ్ముతున్న వస్తువు మటుకు వేరు. చెక్కపిడి అట్లకాడ ఉండవలసినచోట ప్లాస్టిక్ పిడిది వచ్చి కూర్చుంటుంది. పాత మంచిపేరు మీద కొత్త సరుకు. ఇది ఏ యంత్రానికీ చిక్కదు. ఆ వస్తువు వాడిన మనిషి చూడవలసిందే.

అందుకని ఒక స్ప్రెడ్‌షీటు పెట్టాను. వరస నంబరు, వస్తువు, దుకాణం, మన గుర్తు, ఏ ఏ పుటల్లో ఉన్నది, పెట్టిన తేదీ, చివర కంటితో చూసిన తేదీ, స్థితి. ఒప్పుకునే దుకాణాలకు అల్లుడు ఇంకో ఏర్పాటు చేశాడు. వంటకాల్లో తిన్నగా దుకాణం చిరునామా పెట్టకుండా, మన సైటులోనే ఒక పొట్టి చిరునామా పెట్టి, అక్కడినుంచి దుకాణానికి మళ్ళిస్తాడు. నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న ఒక్క బోర్డు మార్చితే బళ్ళన్నీ కొత్త దారి పట్టినట్టు, ఒక్కచోట మార్చితే ముప్ఫై పుటల్లోనూ మారిపోతుంది. కాని ఎక్కడికి పంపుతున్నామో దాచకూడదని అమెజాన్ వంటి కొన్ని దుకాణాల షరతు. అది న్యాయమైనదే. వాటికి తిన్నటి లింకులే; కాబట్టి చిట్టా తప్పదు. ధరలు మటుకు మేం ఎక్కడా రాయం. గంటకో ధర మారే చోట రాసిన ధర సాయంత్రానికి అబద్ధమవుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కమీషను పుచ్చుకుని సిఫారసు చేసేవారు ఆ సంగతి చదివేవారికి స్పష్టంగా చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ వారు 2021లో నియమాలు పెట్టారు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖవారు కూడా, అందరికీ కనపడేటట్టు, తేలికైన మాటల్లో చెప్పాలని సూచనలు ఇచ్చారు. డబ్బు వచ్చే లింకులకు ఆ సంగతి తెలిపే గుర్తు వెయ్యడానికి గూగుల్‌వారు 2019లోనే ఒక పద్ధతి ఏర్పరచారు. అది యంత్రాలు చదువుకోవడానికి. మనుషులు చదువుకోవడానికి మా ఆవిడ స్వయంగా ఒక వాక్యం రాసి, ప్రతి పుట పైనా పెట్టించింది: "ఈ దారిన వెళ్ళి మీరు కొంటే మాకు కొంత కమీషను వస్తుంది. అక్కర్లేకపోతే కొనకండి." రెండో వాక్యం చట్టంలో లేదు. అది ఆవిడ సొంతం.

ఇంకో నియమం మా బంధువర్గంలో పెద్ద చిక్కే తెచ్చింది. మన లింకుల మీద మనం కొనకూడదు. మన బంధుమిత్రుల చేత కొనిపించకూడదు. మా బావమరిది అభిమానం గలవాడు. "బావగారూ, ఫ్రిజ్ కొంటున్నాను. ఎవరికో పోయే డబ్బు అక్కయ్యకే పోనివ్వండి, లింకు పంపండి," అన్నాడు. కూడదురా నాయనా అని చెబితే, "సొంత అక్కయ్యకు సాయం చెయ్యడానికి కంపెనీవాడి పర్మిషనా!" అని నాలుగు రోజులు మాట్లాడలేదు.

దుకాణంవారి మనసు మారితే మనం చెయ్యగలిగిందీ ఏమీ లేదు. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో అమెజాన్‌వారు కమీషను రేట్లు తగ్గించారు. కుర్చీలూ బల్లల మీద నూటికి 8 ఉన్నది 3 అయింది. కిరాణా సరుకుల మీద 5 ఉన్నది 1 అయింది. అవే లింకులు, అదే శ్రమ, రాబడి మటుకు ఇంకొకరి చేతిలో. ఇది పొరుగువాడి పొలంలో వేసిన పాదు అని ఈ పనిలోకి దిగేవారు మొదటిరోజే గ్రహించడం మంచిది.

ఇక అసలు కథకు వస్తాను.

మా చిట్టాలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు తెచ్చే వస్తువు ఒక వెట్ గ్రైండరు. ఖరీదైన వస్తువు కాబట్టి కమీషనూ ఎక్కువే. మొత్తం రాబడిలో ఇంచుమించు మూడోవంతు దానిదే. ఇడ్లీ, దోసె, గారె, పెరుగువడ ఇల్లా 38 పుటల్లో దాని లింకు ఉన్నది. మా ఇంట్లో ఉన్నది 2018లో కొన్నది. ఇప్పటికీ రోజు విడిచి రోజు తిరుగుతున్నది. ఆవిడ దాన్ని మెచ్చుకుని రాసిందంటే అందులో అబద్ధం ఇసుమంత లేదు.

చెప్పి కొన్నవీ, చెప్పకుండా కొన్నవీ వేరు చేసి రాస్తున్నానని చెప్పాను గదా. ఆ మొదటి పద్దులో ఒక సంగతి కనిపించింది. గ్రైండరు అమ్మకాలు తగ్గలేదు; కాని వెనక్కు వచ్చేవి పెరుగుతున్నాయి. రెండు పద్దులూ కలిసి ఉంటే ఆ అంకె జుట్టురంగు డబ్బాల మధ్యన ఎక్కడో కలిసిపోయేది. వెనక్కు వస్తే కమీషను కూడా వెనక్కు పోతుంది. అది కాదు నా బాధ. ఎందుకు పంపుతున్నారన్నది దుకాణంవారి లెక్క చెప్పదు. ఆవిడకు చూపించాను. ఆవిడ ఉత్తరాల పెట్టె వెతికింది. "పిండిలో ఏదో నలక తగులుతున్నదమ్మా," అని ఇద్దరు రాసి ఉన్నారు. కొత్త గ్రైండరు కాబట్టి రాళ్ళు అరిగేదాకా రెండు మూడుసార్లు నానిన బియ్యం రుబ్బి పారబొయ్యమని ఆవిడ అప్పుడే జవాబు రాసింది. అది సరైన సలహాయే.

విజయవాడలో ఉన్న మా ఆవిడ అక్కగారి కూతురు అదే గ్రైండరు ఏడాది కిందట దుకాణంలో కొనుక్కున్నది. ఆదివారం నాడు దాన్ని కారులో తెప్పించింది మా ఆవిడ. రెండూ వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టింది. పేరు ఒకటే, రంగు ఒకటే, బొమ్మలో చూస్తే కవలపిల్లలే. రెండింట్లోనూ ఒకే మినప్పప్పు, ఒకే నీళ్ళు, ఒకే సమయం. తరవాత రెండు పళ్ళాల్లో కాస్త కాస్త పిండి వేసి, బాగా నీళ్ళు కలిపి, తిప్పి తిప్పి మెల్లగా వంచేసింది. మా పళ్ళెం అడుగున ఏమీ లేదు. రెండో పళ్ళెం అడుగున సన్నటి బూడిదరంగు పొడి మిగిలింది. ఆవిడ దాన్ని బొటనవేలితో రాసి చూసి, నా చేతిలో కూడా కొంచెం పెట్టింది. రాతిపొడి. ఏడాది తిరిగిన రాయి పొడి రాల్చకూడదు.

"పిన్నీ, నాకిన్నాళ్ళూ తెలియనే లేదే," అన్నది ఆ పిల్ల. ఆ పిల్లకు మూడేళ్ళ కొడుకు ఉన్నాడు.

ఆ రాత్రి భోజనాలయాక ఆవిడ, "ఆ లింకు తీసెయ్యండి," అన్నది.

ఏ నెలలో దానివల్ల ఎంత వచ్చిందో చదివి వినిపించాను. అది నా ధర్మం. ఒక్క గ్రైండరును చూసి తీర్పు చెప్పవచ్చునా అన్న ప్రశ్న కూడా ముందు పెట్టాను. బాగున్నవాళ్ళు ఉత్తరాలు రాయరు. కొన్న వందమందిలో తొంభైమందికి బాగానే ఉన్నదేమో. మా ఇంట్లో పనిచేసే మనిషి కూతురు ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఆ పిల్ల ఫీజు ఈ రాబడిలోంచే కడుతున్నది మా ఆవిడ. అది కూడా గుర్తు చేశాను.

ఆవిడ అంతా విన్నది. "ఆ తొంభైమంది సంగతి నాకు తెలియదు. ఇది నా వంటింట్లో ఉన్న గ్రైండరు అని రాశాను. ఇప్పుడు అక్కడ అమ్ముతున్నది నా వంటింట్లో ఉన్నది కాదు. అంతవరకు నాకు తెలుసు గదా," అన్నది. కాస్సేపు ఆగి, "మీరే గదా అన్నారు, నన్ను నమ్మి వెళ్ళినందుకు ఇచ్చే డబ్బని," అన్నది.

అయిదారేళ్ళ కిందట చమత్కారానికి అన్న మాట! ఆడవాళ్ళ జ్ఞాపకశక్తికి ఏ స్ప్రెడ్‌షీటూ సాటిరాదు.

మర్నాడు చిట్టా ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆ లింకు ఉన్న 38 పుటలూ వరసగా రాసి ఉన్నాయి. మధ్యాహ్నం కాఫీ వేళకు 38 చోట్లా తీసేశాను. తీసినచోట ఆవిడ రెండు ముక్కలు రాయించింది: ఇదివరకు ఇక్కడ ఒక గ్రైండరును మెచ్చుకున్నాను, ఇప్పుడు వస్తున్న సరుకు నేను వాడినట్టిది కాదు, అంచేత తీసేశాను అని. తయారుచేసినవారికి కూడా పిండి పళ్ళెం ఫొటోతో ఉత్తరం రాసింది. మర్యాదగా ఒక జవాబు వచ్చింది. అందులో విషయం లేదు.

తరవాతి నెల రాబడి మూడోవంతు పడిపోయింది. లెక్క ఎంత ఖచ్చితమైనదో రుజువైందని గుమాస్తాగా నేను గర్వపడవలసిన సందర్భమే! ఆ పిల్ల ఫీజు ఆగలేదు. తక్కువపడ్డది నా పెన్షన్‌లోంచి ఇచ్చాను. మా ఆవిడ దాన్ని ఊరికే పుచ్చుకోలేదు. అప్పు పద్దు తెరిపించి నా పేరు రాయించింది. నెలకు ఇంత చొప్పున తీరుస్తున్నది. ఇంకా మూడు వాయిదాలు మిగిలి ఉన్నాయి.

ఆ తరవాత చిట్టాలో ఆవిడ ఒక కొత్త గడి పెట్టించింది. దాని పేరు "మన వంటింట్లో ఉన్నదా?" అని. ఎంత వచ్చింది, ఎన్నిసార్లు నొక్కారు అన్న అంకెలు ఒక లింకు ఎంత సంపాదిస్తున్నదో చెబుతాయి. అది ఆ సంపాదనకు అర్హమైనదా కాదా అన్నది వాటికి తెలియదు. ఆ ముక్క ఈ గడి చెప్పాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం నేను లింకులు తెరుస్తుంటే ఆవిడ పక్కన కూర్చుని, ఒక్కొక్క బొమ్మనూ కళ్ళజోడు సవరించుకుని చూస్తుంది. "ఉన్నది" అంటుంది, లేదా "మూత మారింది, తీసెయ్యండి" అంటుంది. 611 లింకులు ఇప్పుడు 390కి దిగాయి. మిగిలినవాటిలో చచ్చినవి లేవు.

గ్రైండరును గురించి మటుకు ఉత్తరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. "అది వద్దన్నారు, సరే. మరి ఏది కొనమంటారు?" అని. ఇంకో గ్రైండరు పేరు చెబితే మళ్ళీ రాబడి లేస్తుంది. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. కాని ఇంకో గ్రైండరు ఆవిడ వాడలేదు. అందుకని వాళ్ళకు ఒక పుట రాసిపెట్టింది. దుకాణానికి వెళ్ళి ఖాళీగా తిప్పించి చప్పుడు వినండి. రాళ్ళ మీద అరచెయ్యి రాసి చూడండి. బెల్టు తెగితే మీ ఊళ్ళో వేసేవాడున్నాడేమో కనుక్కోండి. ఇంటికి తెచ్చాక మొదటి మూడుసార్లు రుబ్బిన బియ్యం పారబొయ్యండి. ఆ తరవాత నెలకోసారి పిండి నీళ్ళలో కలిపి, వంచి, పళ్ళెం అడుగు చూసుకోండి.

మా సైటులో ఇప్పుడు ఎక్కువమంది చదువుతున్న పుటల్లో అది ఒకటి. చిట్టాలో దాని వరసలో దుకాణం లేదు, గుర్తు లేదు, కమీషను లేదు. "చివర కంటితో చూసిన తేదీ" అన్న గడి మటుకు నేను ప్రతినెలా నింపుతూనే ఉన్నాను.